బస్సు టికెట్టు దూరని బీరువా

కోపం తగ్గించుకోమని డాక్టరు చెప్పాడు. ఆయన చెప్పిన తీరుకే నాకు కోపం వచ్చింది. చేతికి పట్టీ చుట్టి గాలి కొడితే, సూది ఆ చివరి అంకె దాకా పోయి, అక్కడ చోటు చాలక, ఆసుపత్రి బయట ఆగి ఉన్న వేరుశనగ లారీ దాకా వెళ్లి తిరిగొచ్చింది. "చేతులతో ఏదైనా పని నేర్చుకోండి సార్, మనసు నెమ్మదిస్తుంది" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా కళ్యాణదుర్గంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఈ చేతులు చేస్తున్నది మరేమిటని అడగబోయాను. ముద్ర వేయడం, ఫైలుకు దారం కట్టడం, కట్టిన దారం విప్పడం. ఆయన అప్పటికే తరువాతి రోగిని పిలిచేశాడు.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెబితే ఆమె రెప్పపాటు కూడా ఆలోచించలేదు.

"చేతులతో పని కావల్లంటే కొట్టుగదిలో అర బస్తా చెనక్కాయలుండాయి. వొల్చు. మనసూ నెమ్మదిస్తాది, చట్నీకీ పనికొస్తాది."

నేను అంత చిన్న పనికి ఒప్పుకునే మనిషిని కాను. ఫోనులో ఒక తెల్లగడ్డం దొర కొయ్యపని చేసే వీడియోలు చూడటం మొదలుపెట్టాను. ఆయన షెడ్డు మా కాలనీ అంత ఉంటుంది. ఆయన చిత్రిక పడితే చెక్క మీద నుంచి ఉల్లిపొర లాంటిది లేచి, మెలికలు తిరిగి, నేల మీద పడేముందు ఒక్క క్షణం ఆగి ఆయనకు దండం పెట్టి మరీ పడుతుంది. ఆయనకు కోపమే రాదు. వేలు తెగినా నవ్వుతాడు. మూడు నెలలు చూశాను. చూసి చూసి నాకు పని వచ్చేసిందనే నమ్మకం కుదిరింది. ఇంక చేయడమొక్కటే మిగిలింది.

బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఒక వడ్రంగి ఆచారి ఉండేవాడు. డెబ్బై దాటిన మనిషి. కళ్లద్దాలకు ఒకవైపు కాడ ఉంటుంది, రెండోవైపు నూలు దారం. నలభై ఏళ్లుగా చుట్టుపక్కల ఊళ్లలో వాకిళ్లన్నీ ఆయన చేతివే. మా వైపు వాకిలి అంటే వీధి గుమ్మానికి నిలబెట్టే కొయ్య చట్రం. దాన్ని నిలబెట్టే రోజు ఇంటికి పెళ్లంత పండుగ. ఇప్పుడు అందరూ ఇనుప వాకిళ్లు, ప్లాస్టిక్ తలుపులు కొనుక్కుంటున్నారు. అందుకని ఆయన పార పిడులు, మంచం కోళ్లు చేసుకుంటూ కూర్చున్నాడు.

ఆ షెడ్డులో నన్ను పట్టుకున్నది గోడ. ఉలులు, రంపాలు, చిత్రిక పట్టే తోపుళ్లు, అరవై పనిముట్లు మేకులకు వేలాడుతున్నాయి. జిగురు కాచే పొయ్యి పొగకు గోడంతా నల్లబడింది గానీ, ఏ పనిముట్టు తీసినా దాని వెనక దాని ఆకారంలోనే తెల్లటి మచ్చ. ఇరవై ఎనిమిదేళ్ల నా సర్వీసు రిజిస్టరులో కూడా నా గుర్తు అంత స్పష్టంగా లేదు.

"నేర్పించన్నా" అన్నాను.

ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, సంతలో గొర్రెను చూసినట్టు తిప్పి తిప్పి చూశాడు.

"ఏం సారూ, ఈ చేతులతో ఇంతవరకు ఏం చేసినావు?"

"గవర్నమెంటు ఉద్యోగం."

"అది సరేలే. ఏం చేసినావు అంటాండా."

రక్తపోటు అక్కడే మళ్లీ మొదలైంది.

మొదటి ఆరు వారాలు, ఆఫీసు అయిపోగానే వెళితే, ఒకే వేప పలకను చిత్రిక పట్టించాడు. మొదలుపెట్టినప్పుడు దాని మీద మనిషి పడుకోవచ్చు. ఆరు వారాలకు దాంతో తల దువ్వుకోవచ్చు. తరువాత అతుకులు. ఒక చెక్క కొసను నాలుకలా చెక్కితే అది కుసి. ఆ నాలుక దూరడానికి ఇంకో చెక్కలో తొలిస్తే అది బెజ్జం. మేకు లేకుండా రెండూ ఒకదాన్నొకటి కరచుకోవాలి. నేను మూడేసి సాయంత్రాలు కూర్చుని ఒక అతుకు చేసి ఇస్తే, ఆయన దాన్ని చూసేవాడు కూడా కాదు. బండకేసి ఒక్క దెబ్బ కొట్టేవాడు. విడిపోయేది. రెండు ముక్కలూ నా చేతిలో పెట్టి బీడీ అంటించుకునేవాడు.

"ఎందుకు విడిపోయిందో చెప్పొచ్చు కదన్నా."

"గట్టిగా ల్యాదు. విడిపోయింది."

"ఎందుకు గట్టిగా లేదు?"

"అది గట్టిగా ఉంటే నేను చెప్తా."

ఇలాంటి జవాబు మా ఆఫీసులో నేను ప్రజలకు చెబుతాను. నాకు ఒకరు చెప్పడం అదే మొదటిసారి. ఆ రోజు నడిచి ఇంటికొస్తుంటే దారిలో కుక్కలు పక్కకు తప్పుకున్నాయి. మా ఆవిడ నా ముఖం చూసి, చెనక్కాయల బస్తా వైపు వేలు చూపించింది.

నలభై అతుకులు అలా బండకు బలైపోయాయి. నలభై ఒకటోదాన్ని ఆయన కొట్టాడు. విడిపోలేదు. మళ్లీ కొట్టాడు. చేయి మార్చి మూడోసారి కొట్టాడు. దాన్ని పక్కన పెట్టి, "టీ తాగుదాం పా" అన్నాడు. బాగుందన్న మాట ఆయన నోట రాలేదు. వస్తుందని నేను ఇంటి దాకా ఎదురుచూశాను.

ఆ ఎండాకాలం మొదట్లోనే షెడ్డు స్థలం సొంతదారు వచ్చి, షెడ్డు తీసేసి సెల్‌ఫోన్ అంగళ్లు కట్టుకుంటానని చెప్పిపోయాడు. మూడు నెలలు టైమిచ్చాడు. ఆచారి ఆ మాట నాకు చెబుతూ గోడ వైపు చూడలేదు.

"ఇవన్నీ ఏం చేస్తావన్నా?"

"గోనెసంచిలో ఏసి పాత ఇనుమోనికి ఇచ్చేస్తా. మా ఇల్లు రెండు గదులు. యాడ పెట్టేది? కోడలు పొయ్యి మీద పెట్టల్లనా?"

"నలభై ఏళ్ల పనిముట్లు పాత ఇనుముకా?"

"ఇనుమే గదా సారూ. బంగారం అనుకుంటివా?"

ఆయన మామూలుగా అన్నాడు. అందుకే నాకు మండింది. ఏడిస్తే ఓదార్చేవాణ్ణి. ఇనుప వాకిళ్లు కొనేవాళ్ల మీద, సెల్‌ఫోన్ అంగళ్ల మీద, ఇనుము కనిపెట్టినవాడి మీద, వాడి వంశం మీద కోపం వచ్చింది. ఆ ఊపులో నా నోరు నన్ను అడగకుండానే మాట్లాడింది.

"నేను బీరువా చేస్తా. అన్నీ పట్టేటట్టు. మా ఇంటి వరండాలో పెడతా. నువ్వు రోజూ వచ్చి అక్కడే పని చేసుకో."

"నువ్వా?"

"నేనే."

ఆయన బీడీ పూర్తిగా కాల్చి చెప్పాడు. "నాకు నచ్చితే ఉలులు దాంట్లో పెడతా. నచ్చకుంటే ఉలులు పాత ఇనుమోనికి, నీ బీరువా మా కోడలికి. పొయ్యిలోకి."

సోమందేపల్లె దగ్గర ఒక పాత మిద్దె పడగొడుతుంటే అందులోని వేప దూలాలు వ్యానుకెత్తించి తెచ్చుకున్నాను. అవి నాకన్నా వయసులో పెద్దవి, నాకన్నా బాగా ఎండినవి. కోతమిల్లువాడు పలకలు కోస్తుంటే నిప్పురవ్వలు లేచాయని నేనంటే మా ఆవిడ నమ్మదు. నిలువెత్తు బీరువా. పై సగానికి రెండు తలుపులు, లోపల రంపాలకు, తోపుళ్లకు కొక్కేలు. కింది సగంలో తొమ్మిది సొరుగులు, ఒక్కో ఉలికి దాని ఒడ్డూ పొడవూ కొలిచి తొలిచిన ఒక్కో పడక. ఏప్రిల్, మే నెలల్లో మా వరండాలో పని. ఆ ఎండకు నా చెమట కింద పడకముందే ఆవిరై, చెక్క మీద ఉప్పు మాత్రం పడేది.

సొరుగుల దగ్గర గొడవ వచ్చింది. సొరుగు చుట్టూ సన్నటి సందు వదలాలని, చెమ్మకు చెక్క ఉబ్బుతుందని వీడియోలో దొర చెప్పాడు. నేను వదిలాను. ఆచారి వచ్చి, చొక్కా జేబులోంచి బస్సు టికెట్టు తీసి ఆ సందులో పెట్టాడు. టికెట్టు సులువుగా దూరి, లోపలికి జారిపోయింది.

"ఏంది సారూ ఇది? ఎలకలకు వాకిలి పెట్టినావా?"

"వానలకు చెక్క ఉబ్బుతుంది కదన్నా. దానికి చోటు."

ఆయన తలెత్తి ఆకాశం వైపు చూశాడు. నేనూ చూశాను. అక్కడున్న ఒకే ఒక్క మేఘం, మమ్మల్ని చూసి సిగ్గుపడి, కర్ణాటక వైపు పోయింది.

"యాడప్పా వానలు? నలభై ఏండ్లు ఈ పని చేసినా. ఈడ కొయ్య ఎండేది సూసినా గాని ఉబ్బేది సూడలా. ఇప్పుడు నూలంత సందు పెడితే రెండేండ్లకు నీ పిల్లి దూరి ఈనుతాది. బిగిచ్చు."

"ఆ దొర మాత్రం..."

"ఆ దొర ఊర్లో వాన పడుతుందేమో. వాని బీరువా వాడు చేసుకోనీ."

నలభై ఏళ్ల మాట ముందు మూడు నెలల వీడియోలు నిలవలేదు. మా తాలూకాలో పుట్టి పెరిగినవాణ్ణి. నాకూ లోపల ఆయన మాటే నిజమనిపించింది. ఇక్కడ గొడుగు కొనేది ఎండకు. తొమ్మిది సొరుగులూ విప్పి, పక్కలు మార్చి, మళ్లీ చేశాను. ఇరవై రెండు రోజులు. చివరికి ఎంత బిగువు కుదిరిందంటే, ఒక సొరుగు మెల్లగా లోపలికి తోస్తే లోపలి గాలికి పోయేదారి లేక, పక్క సొరుగు దానంతటదే ముందుకొచ్చేది. ఆ వింత చూడటానికి కాలనీ మొత్తం వచ్చింది. కొందరు రెండుసార్లు వచ్చారు. నేను అందరికీ ఒకటే సొరుగు తోసి చూపించాను, మరుసటి వారం దాకా.

ఆచారి టికెట్టు తీసి తొమ్మిదింటి చుట్టూ ప్రయత్నించాడు. ఎక్కడా దూరలేదు. ఆ టికెట్టు జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మరునాడు ఆటోలో అరవై పనిముట్లూ మా ఇంటికొచ్చాయి. ఆ వారమే షెడ్డు పోయింది. ఆయన రోజూ పొద్దున తొమ్మిదికి మా వరండాకు వచ్చి, సొరుగు తీసి, ఉలి తీసుకుని, సాయంత్రం తుడిచి పెట్టి పోయేవాడు.

తరువాత వాన వచ్చింది.

రావలసినప్పుడు రాలేదు. చెనక్కాయ పూత మీద ఉన్నప్పుడు రాలేదు, ఊడలు నేలలోకి దిగేటప్పుడు రాలేదు. కాయ పెరికి చేలల్లో కుప్పలు వేశాక వచ్చింది. వచ్చిన వాన మానడం మరచిపోయింది. వరసగా పదకొండు రోజులు. చెరువు నిండి మరవ పారితే, ఊరు ఊరంతా ఆటోల్లో వేలాడుతూ చూడటానికి పోయింది. కుప్పల్లో కాయ మొలకెత్తింది. రైతులు మా ఆఫీసుకొచ్చి, మొలకలొచ్చిన కాయలు నా బల్ల మీద పోసి నిలబడ్డారు. వాళ్ల నష్టం ముందు నాది నష్టమే కాదు. కానీ కోపం చిన్నదా పెద్దదా అని చూసుకుని రాదు.

నాలుగో రోజుకు సొరుగులు మూలగడం మొదలుపెట్టాయి. ఆరో రోజుకు రెండు చేతులతో లాగితే గాని రాలేదు. ఎనిమిదో రోజుకు తొమ్మిదింటిలో ఒక్కటీ కదలలేదు. బీరువా మొత్తం ఒకే కొయ్యలో పుట్టినట్టు ఉంది. సొరుగుకూ సొరుగుకూ మధ్య గీత కూడా కనిపించలేదు. వానలకు ఆచారి రావడం మానేశాడు కాబట్టి, ఈ సంగతి ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. ఎండొస్తే తగ్గుతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే సిగ్గుపడ్డాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆయన గొడుగేసుకుని వచ్చాడు. నలభై ఏళ్లలో ఆయన ముఖంలో అంత వెలుగు ఎవరూ చూసి ఉండరు. నేనైతే ఏడాదిలో చూడలేదు.

"సారూ, వాకిలి నిలబెట్టేదానికి పిలిచినారు. మడకశిర దావలో ఒక రైతు ఇల్లు. రెండేండ్ల తర్వాత పిలుపు."

ఆ వాకిలి ముక్కలు షెడ్డు ఉన్నప్పుడే ఆయన చెక్కి ఇచ్చాడు. రేపు పొద్దున ఎనిమిదికి ముహూర్తం. అక్కడికక్కడ కుసులు సరిచేసి, బిగించి, నిలబెట్టాలి.

"ఆ ఇంటి ముసలమ్మ కొయ్య వాకిలే కావల్లని పట్టుబట్టింది. కొడుక్కు ఇష్టం ల్యా. వాడు ముందే ఇనుప వాకిలి తెచ్చి ఆడ గోడకు ఆనిచ్చినాడంట. ఎనిమిదికి నేను నిలబెట్టకుంటే వాడు అది నిలబెడతాడు. దాని తర్వాత నన్నెవరు పిలుస్తారు? తీ, పెద్ద ఉలులు తీ."

నేను తీయలేదు. ఆయనే వెళ్లి సొరుగు పట్టుకుని లాగాడు. మళ్లీ లాగాడు. కాలు బీరువాకు తన్నిపెట్టి లాగాడు. పిడి ఊడి చేతిలోకి వచ్చింది. ఆయన పిడిని చూశాడు, నన్ను చూశాడు.

"ఎప్పటినుంచి ఇట్లుండాది?"

"రెండు రోజులు."

కొవ్వొత్తి అరగదీశాం. కొబ్బరినూనె పోశాం. మా ఆవిడ ఇస్త్రీపెట్టె తెచ్చి బీరువాకు ఇస్త్రీ చేసింది. బొగ్గుల కుంపటి ముందర పెట్టి విసిరాం. బీరువా ముఖం నల్లబడింది గానీ నోరు తెరవలేదు. ఇంక మాటలు మొదలయ్యాయి.

"సందు వదులుతానంటే ఎలుకల వాకిలి అన్నావు" అన్నాను.

"వాన వస్తాదని నువ్వు చెప్పినావా?"

"చెప్పాను."

"చెప్పినావులే. గట్టిగా చెప్పలా."

నాకు కళ్లు తిరిగాయి. "నలభై ఏండ్లు చూశానన్నావు కదా. నీ నలభై ఏళ్ల మాట ముందు నేనేం గట్టిగా చెప్పాలి?"

"గురువు తప్పు చెప్తాంటే శిష్యుడు ఊరికే ఉంటాడా? నువ్వేం శిష్యుడప్పా?"

"ఇంగొంచెం గట్టిగా అరుచుకోండి" అంది మా ఆవిడ కుంపటి విసురుతూ. "ఆ వేడికన్నా ఎండుతాది."

నేను గడ్డపార తెస్తానన్నాను. పక్కన ఇల్లు కడుతున్నారు, అక్కడుంది. ఆచారి ఒక్కసారిగా బీరువాకు అడ్డం నిలబడ్డాడు.

"దాని మీద చెయ్యెయ్యొద్దు. నేను యాడన్నా అడిగి తెస్తా."

గొడుగు తీసుకుని వానలోకి వెళ్లిపోయాడు.

ఆయన ఎక్కడికి పోతున్నాడో, ఏం జరుగుతుందో నాకు తెలుసు. నాకు పని నేర్పిన మొదటి వారమే చెప్పాడు: "మా వాళ్లు పండ్లు తోముకునే పుల్లన్నా ఇస్తారు గాని ఉలి ఇయ్యరు." ఒకరి చేతికి పదునెక్కిన ఉలి ఇంకొకరి చేతిలో మొండిదైపోతుందని వాళ్ల నమ్మకం. ఆయన కూడా నలభై ఏళ్లలో ఎవరికీ ఇవ్వలేదు. అడగడానికి వచ్చినవాళ్లను షెడ్డు గడప దాటనివ్వలేదు. ఇప్పుడు ఊళ్లో మిగిలిన ముగ్గురు వడ్రంగుల ఇళ్లకూ పోయి, అదే మాట తిరిగి వినడానికి ఈ వానలో నడుస్తున్నాడు. ఎందుకు? నేను చేసిన బీరువాకు గీత పడకూడదని. బాగుందని ఒక్క మాట అనని మనిషి.

నా జీవితంలో వచ్చిన కోపాలన్నీ ఒక పక్క, అది ఒక్కటీ ఒక పక్క. ఎవరి మీదో కూడా తెలియలేదు. ఆయన మీద, వాన మీద, టికెట్టు మీద, టికెట్టు దూరనంత బాగా చేసిన నా చేతుల మీద. వెళ్లి గడ్డపార తెచ్చి, ఎడమ పక్క పలక మీద శక్తికొద్దీ కొట్టాను.

గడ్డపార ఎగిరి వెనక్కొచ్చింది.

ముందు చేసిన నలభై అతుకులు ఒక్కో దెబ్బకు విడిపోయాయి. ఇది విడిపోవడానికి సిద్ధంగా లేదు. నేను కొడుతున్నాను, నేనే బిగించిన ప్రతి కుసీ నన్ను ఎదిరిస్తోంది. నా మీద నేనే దావా వేసి, నేనే అప్పీలు చేసుకుంటున్నట్టుంది. అరగంట. అరచేతుల్లో బొబ్బలు లేచి చితికాయి. వీధిలో జనం గొడుగులేసుకుని నిలబడ్డారు. సొరుగు వింత చూసినవాళ్లే చాలామంది. మా ఆవిడ ఒక్కసారి, "నిన్ను సూస్తే భయమైతాంది" అంది. తరువాత కొంగు బిగించి వచ్చి, గడ్డపార రెండో కొస పట్టుకుంది. ఇద్దరం కలిసి తన్నిపెడితే, పలక పైనుంచి కిందికి చీలింది.  చీలికలోంచి చేయి పెట్టి ఎనిమిది సొరుగులను లోపలినుంచే పగలగొట్టి, కుడి చివరిదాంట్లోవి దాని పై సొరుగు పోయిన ఖాళీలోంచి ఏరి, ఉలులన్నీ తీసి, ఆమె పాత దుప్పటి మీద వరసగా పెట్టాం.

ఆచారి తిరిగొచ్చాడు. గొడుగు ఉన్నా నిలువునా తడిసి ఉన్నాడు. చేతిలో ఏమీ లేదు. బీరువాను చూశాడు. దుప్పటి మీద ఉలులు చూశాడు. నా చేతులు చూశాడు. ఈసారి తిప్పి చూడలేదు. కూర్చుని, వెడల్పాటి ఉలి ఒకటి తీసి పంచె కొసతో తుడిచాడు.

"సంచి ఉండాదా అమ్మా?" అని మా ఆవిణ్ణి అడిగాడు.

ఆమె గోనెసంచి తెచ్చింది. పై అరలోని రంపాలతో సహా అన్నీ అందులో వేసుకున్నాడు. ఒకటీ వదలలేదు. రేపటి పనికి పది చాలు. అరవై ఎందుకు వేసుకుంటున్నాడో నేను అడగలేదు. పాత ఇనుమువాడి దగ్గరికి పోయేటప్పుడు కూడా గోనెసంచిలోనే పోతాయి కదా అనుకున్నాను గానీ, అడిగేంత మంచితనం ఆ పూట నాలో మిగల్లేదు.

మరునాడు సెలవు పెట్టి నేనూ వెళ్లాను. కుసి బిగించేటప్పుడు అవతలి కొస పట్టుకునే మనిషి కావాలి కాబట్టి వెళ్లాను, అంతే. షేరాటోలో ఇద్దరి మధ్యా గోనెసంచి కూర్చుంది. దారి పొడవునా అది ఒక్కటే గలగలా మాట్లాడింది.

ఇనుప వాకిలి నీలం రంగులో మెరుస్తూ గోడకు ఆనుకుని ఉంది. ఇంటి కొడుకు దాని పక్కనే కుర్చీ వేసుకుని, గడియారం చూసుకుంటున్నాడు.

"ఇదైతే పది నిమిషాల పని తాతా" అన్నాడు ఆచారితో.

"దానికి పసుపు అంటదురా" అంది ముసలమ్మ లోపలినుంచి.

వాన తడికి వాకిలి ముక్కలూ ఉబ్బి ఉన్నాయి. ఒక్క కుసీ తన బెజ్జంలోకి పోవడం లేదు. ఆచారి కింద కూర్చుని, పెద్ద ఉలితో ఒక్కోదాన్నీ పొర పొరగా తీశాడు. తీయడం, పెట్టి చూడడం, మళ్లీ తీయడం.   కొడుకు రెండుసార్లు లేచాడు. రెండుసార్లూ ముసలమ్మ కూర్చోమంది. ముహూర్తానికి కాస్త ముందు ఆఖరి కుసి దిగింది. గడప కింద నవధాన్యాలు వేశారు, నలుగురం పట్టి వాకిలి ఎత్తాం, ముసలమ్మ తడి పసుపు రెండు చేతులతో రుద్దింది. కొయ్య దాన్ని తాగింది. కొడుకు వచ్చి వాకిలిని తోసి చూశాడు. తరువాత నీలం ఇనుము మీద టార్పాలిను కప్పాడు.

తిరుగుదారిలో ఆచారి తన వీధి దగ్గర సంచితో సహా దిగిపోయాడు.  

ఆ తరువాత వాన ఆగింది. ఎండ కాసింది. మా ఊరి ఎండ. పదకొండు రోజుల బాకీ ఒక్క రోజులో తీర్చింది. మూడో రోజు పొద్దున వరండాలో బీరువాను చూడకుండా పోదామనుకున్నాను. కుడి చివర పగలకుండా మిగిలిన సొరుగు ఒకటి ఉంది. ఊరికే వేలితో ముట్టాను. అయిదు రోజుల క్రితం ఏనుగు లాగినా రానిది, వెన్నలో వేలు పెట్టినట్టు జారి ముందుకొచ్చింది. నేను ఆ వరండాలో నిలబడి తిట్టిన తిట్లు మా కాలనీలో పెద్దవాళ్లకు కూడా కొత్తవి.

అప్పుడే గేటు చప్పుడైంది. ఆచారి. భుజాన గోనెసంచి. సంచి దించి, ముందు పలకరించకుండా బీరువా చుట్టూ తిరిగాడు. చీలిక దగ్గర వంగాడు. వేలితో తడిమాడు.

"ఈ పక్కన ఎందుకు కొట్టినావు?"

"ఏ పక్కనైతే ఏమన్నా?"

"వెనక పలక ఉండాది గదా. నాలుగు మరలు. అవి తిప్పింటే పలక ఊడొచ్చేది. వెనకనుంచి నాలుగు ఏట్లు తడితే సొరుగులన్నీ ముందుకు వచ్చేవి. నువ్వే గదప్పా చేసింది? నీ బీరువా నీకు ఎరిక ల్యా?"

నేను వెనక్కి వెళ్లి చూశాను. నాలుగు మరలు. నేనే బిగించాను, వరుసగా, గర్వంగా.

"ఆ రోజు చెప్పొచ్చు కదా."

"ఆ రోజు నాకు గుర్తుకు రాలా."

"వచ్చినా ఏం లాభం. మరలు తిప్పేది కూడా లోపలే ఉండిపోయింది."

"నా కుట్టుమిషను డబ్బాలో ఒకటి ఉండాది" అంది మా ఆవిడ కిటికీలోంచి. "ఎవరన్నా అడిగితిరా?"

 ఆచారి మళ్లీ మొదలుపెట్టాడు. పగలగొట్టేదానికీ ఒక పద్ధతి ఉంటుందని, గడ్డపార పట్టేవాడు ముందు అతుకు ఎటు తిరిగిందో చూడాలని, గవర్నమెంటువాళ్లకు పగలగొట్టడం కూడా రాదని. అంటూనే సంచి మూతి విప్పి, ఒక్కో ఉలీ తీసి, తుడిచి, మిగిలిన ఆ ఒక్క సొరుగులో పెట్టడం మొదలుపెట్టాడు. నేను ఒక్కో ఉలికీ ఒక్కో మాట తిరిగి అంటున్నాను. ఆ సొరుగు నిండింది. ఆయన ఆగకుండా, మిగిలినవి చీలిపోయిన అరల్లోనే వాటి వాటి చోట్ల సర్దుతున్నాడు. ముప్పై రెండో ఉలి దగ్గర మా ఆవిడ ఇద్దరినీ టీకి పిలిచింది. ఇద్దరం వినిపించుకోలేదు.